ఓకే మీద స్టే

ఉదయం తొమ్మిదిన్నరకు నేను చనిపోతాను. తొమ్మిదీ ముప్పై రెండుకు ఓకే అన్న మాట మీద స్టే వస్తుంది. అందుకని నేను లేవడానికి లేదు.

నా పేరు ఏసుపాదం. సినిమాల్లో శవం వేషాలు వేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. చాప మీద, మంచం మీద, రైలు పట్టాల పక్కన, ఒకసారి సగం రోజు పొలం గట్టు మీద చచ్చిపడి ఉన్నాను. ఇందులో చేయడానికి ఏముందని చాలామంది అంటారు. వాళ్లను ఒక్క ఐదు నిమిషాలు పొట్ట కదలకుండా ఊపిరి తీయమనండి, తెలుస్తుంది.

మా పనికి నియమం ఒక్కటే. డైరెక్టరు కట్ అంటే కెమెరా ఆగుతుంది, శవం ఆగదు. ఏడ్చేవాళ్లు సరిగా ఏడ్చారా, వెనకాల ఎవడైనా సెల్‌ఫోను చూసుకుంటూ నిలబడ్డాడా, అన్నీ చూసుకుని ఆయన ఓకే అంటాడు. అప్పుడు లేవాలి. ముందే లేస్తే దూది మళ్లీ పెట్టాలి, దండలు మళ్లీ సర్దాలి, పదిమంది చేత తిట్లు తినాలి. అందువల్ల ఆ మాట చెవిన పడితే తప్ప నా ఒళ్లు లేవదు. మొదట్లో ఇది జాగ్రత్త. ఇప్పుడు ఎముకల్లోకి దిగిపోయింది.

ఇవాళ నేను హీరోగారి తండ్రిని. తెల్ల పంచె కట్టి మంచం మీద పడుకోబెట్టారు. ముక్కుల్లో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టారు. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేశారు. నా చెంప మీద వాలే ఈగకు కూడా యూనియన్ కార్డుంది. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ అన్నీ కనిపిస్తున్నాయి. మేకప్‌వాళ్లు ఇవాళ నా రెప్పల్ని పల్చగా వేశారు.

కట్ వినిపిస్తుంది. డైరెక్టరు నిరంజన్ గారు మానిటర్‌లో చూసుకుని, తృప్తిగా తలాడించి, నోరు తెరిచి "ఓ" అంటారు. సరిగ్గా అప్పుడే ఒక బిళ్ల బంట్రోతు లోపలికి వచ్చి ఆయన నోటికి అడ్డంగా ఒక కాగితం పట్టుకుంటాడు.

కాగితాన్ని కో-డైరెక్టరు పట్టాభి పైకి చదువుతాడు. సదరు మాట ఎవరిదో, ఎక్కడ పుట్టినదో ఇంతవరకు తేలనందున, హక్కుదారులు పలువురు దరఖాస్తు చేసుకున్నందున, విచారణ ముగిసేవరకు దానిని ఎవరూ పలకరాదు. విచారణ దగ్గరలో ఉన్న కోర్టులో జరుగును.

నిరంజన్ గారు కాగితాన్ని పక్కకు నెట్టి ఆ మాట అనడానికి చూస్తారు. "ఓ" దాకా వస్తుంది. అక్కడ ఆయన నోట్లో దూది తగులుతుంది. ఉమ్మేస్తే చిన్న ఉండ కింద పడుతుంది. పట్టాభి ప్రయత్నిస్తాడు, లైట్‌మెన్ ప్రయత్నిస్తారు. నా మంచం చుట్టూ దూది ఉండలు పేరుకుంటాయి. మనసులో అనుకోవడానికి మాత్రం స్టే లేదు. నేను పొద్దున్నుంచి మనసులో అనుకుంటూనే ఉన్నాను, ఒళ్లు మాత్రం వినడం లేదు.

నిరంజన్ గారు మంచి మనిషి. వేరే మాటలు వాడి చూస్తారు. "బాగుంది" అంటారు. ఏమీ జరగదు. "సరే, లేవండి" అంటారు. నా కుడిచేతి చిటికెన వేలు కదిలి ఆగిపోతుంది. "అయిపోయింది" అంటారు. నా గుండె ఒక దెబ్బ కొట్టడం మానేస్తుంది. ఇక వేరే మాటలు వద్దని పట్టాభి ఆయన చెయ్యి పట్టుకుంటాడు.

నాకు కోపం వస్తుంది. నిరంజన్ గారి మీద కాదు, నా ఒంటి మీద. మా అమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను తెలుగులోనే లేపింది. లేవరా అంటే లేచేవాణ్ణి. అలాంటి ఒళ్లు ఇప్పుడు తెలుగులో లేవమంటే లేవకుండా, పుట్టుపూర్వోత్తరాలు తెలియని రెండక్షరాల కోసం పడి ఉంది. సిగ్గేస్తుంది కూడా. కానీ సిగ్గుపడినంత మాత్రాన శవాలు లేవవు.

అసలు గండం మధ్యాహ్నం రెండింటికి ఉంది. అప్పుడు చితి సీను. మామూలుగా అయితే కట్టెల మీద గడ్డి బొమ్మను పెడతారు. నేను లేచి ఈ పంచె విప్పి ఇస్తే బొమ్మకు కడతారు. నేను లేవకపోతే పంచె ఉండదు, పంచె లేకపోతే బొమ్మ పనికిరాదు, కాబట్టి నన్నే పెడతారు. పట్టాభి ఇదంతా ప్యాడ్ మీద రాసుకుని, నా పేరు కింద గీత గీస్తాడు. హీరోగారి డేట్లు రేపటి నుంచి వేరేవాళ్లవి. షెడ్యూలు ఆగదు.

దగ్గరలో ఉన్న కోర్టు పక్క ఫ్లోరులోనే ఉంది. పోయిన నెల ఎవరో ప్లైవుడ్‌తో వేసి వదిలేసిన సెట్టు అది. గోడల నిండా లావుపాటి లా పుస్తకాలు పెయింటు చేసి ఉంటాయి. జడ్జి కూడా అక్కడే ఉన్నాడు. పేరు కోటిలింగం. నాలాగే జూనియర్ ఆర్టిస్టు. నేను శవాన్నయితే అతను జడ్జి. ఇంతకంటే అనుభవమున్న జడ్జి ఊళ్లో దొరకడని పట్టాభి అంటాడు. ఆ మాట నిజమే. ఇరవై రెండేళ్లలో కోటిలింగం నూట నలభై మందికి ఉరిశిక్ష వేశాడు. ఒక్క తీర్పు మీద కూడా అప్పీలు రాలేదు.

రెండు ఫ్లోర్ల మధ్య గోడ పక్కకు జరుగుతుంది. కోర్టు నేల మీద జారుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగుతుంది. శవం కోర్టుకు వెళ్లలేదు కాబట్టి కోర్టే వచ్చిందని బంట్రోతు రాసుకుంటాడు. కోటిలింగం నల్ల గౌను సర్దుకుని సుత్తి కొడతాడు.

"సదరు శవం హాజరులో ఉన్నట్టు నమోదు చేయండి" అంటాడు.

పొద్దున క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని నా ప్లేట్లోంచి చట్నీ వేసుకున్న మనిషి. ఇప్పుడు నేను సదరు శవాన్ని.

పన్నెండు దాటాక నా భార్య సువార్తమ్మ క్యారేజీ పట్టుకుని వస్తుంది. షూటింగు దగ్గరలో ఉన్న రోజున తనే అన్నం తెస్తుంది. మాది తెనాలి పక్క పల్లె. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయినా సువార్త మాట మారలేదు. నన్ను చూస్తుంది, మంచం చుట్టూ పడి ఉన్న దూదిని చూస్తుంది.

"ఏందయ్యా ఇది, పన్నెండు దాటింది, ఇంకా లేవలా?"

"స్టే ఉందమ్మా" అంటాడు పట్టాభి.

"ఎవరి మీద?"

"మాట మీద."

"మాట మీదుంటే మాటని పండబెట్టండి. మా ఆయన్నెందుకు పండబెట్టారు?"

పట్టాభి జవాబు కోసం ప్యాడ్ తిరగేస్తాడు. అందులో రెండింటి చితి సీను కనిపిస్తే, మర్యాద గల మనిషి కాబట్టి, దాన్నే ఆమెకు చదివి వినిపిస్తాడు. సువార్త క్యారేజీ కింద పెట్టేస్తుంది.

"మాకు అగ్గేందయ్యా? మేం మట్టిలోకి పోయేవాళ్లం. రేపు మా పాస్టరుగారికి నేనేం చెప్పాల?"

"మీ అభ్యంతరం రికార్డు చేశాం" అంటాడు కోటిలింగం. నిజంగానే రాసుకుంటాడు. గోడ మీద పెయింటు చేసిన పుస్తకాల్లో ఒకటి బయటికి లాగి, దాంట్లో రాసి, మళ్లీ గోడలోకి తోసేస్తాడు.

హక్కుదారులు ఒకరి వెనక ఒకరు వస్తారు. వాళ్ల పెదాలు ఒక రకంగా కదులుతాయి, తెలుగు అర క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది. మా దగ్గరికి వచ్చే బయటివాళ్లందరికీ అంతే. సౌండు ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరి గొంతు ఎక్కడ అతకాలో చూసుకుంటున్నాడు.

మొదట వచ్చినాయన పొడుగు టోపీ పెట్టుకున్నాడు. చొక్కా చేతుల నిండా సిరా మరకలు. అమెరికాలో ఒక రేవు పట్టణం నుంచి వచ్చాడు, పత్రిక నడుపుతాడు. చంకలో ఫ్రేము కట్టిన పాత పత్రిక ఉంది.

"సదరు మాట మాది" అంటాడు. "మా ఊళ్లో ఒకప్పుడు మాటల్ని కావాలని తప్పుగా రాసి నవ్వుకోవడం సరదా. అంతా కరెక్ట్ అనే రెండు ఇంగ్లీషు మాటల్ని అలా తప్పుగా రాసి, మొదటి అక్షరాలు తీస్తే ఇది పుట్టింది. ఇదిగో పత్రిక, ఇదిగో తారీఖు."

కోటిలింగం ఫ్రేము అందుకుని అద్దాన్ని గౌను అంచుతో తుడుస్తాడు. "కాగితం" అంటాడు మెల్లగా. గుళ్లో తీర్థం అందుకున్నవాడి మొహం పెడతాడు.

నాకు ఒళ్లు మండిపోతుంది. సరదాకట. వీళ్లు నవ్వుకోవడానికి రాసుకున్న ముక్క కోసం నేను పొద్దున్నుంచి ముక్కులో దూదితో పడి ఉన్నాను.

ఆయన వెనకే జెండా పట్టుకున్న ఒక ఎన్నికల కార్యకర్త వస్తాడు. పత్రికలో అది ఒక్కరోజు ముచ్చట అంటాడు. తమ నాయకుడి ముద్దుపేరు మొదటి అక్షరాలు కూడా అవేనని, దాన్ని ఊరూరా మోసింది తామే కాబట్టి అది తమదే అంటాడు. కన్నవాడు గొప్పా, పెంచినవాడు గొప్పా అని ఇద్దరూ వాదించుకుంటారు. ఆ తర్వాత ఒక గ్రీకు బడిపంతులు చేతి నిండా పలకలతో వస్తాడు. అంతా బాగుంది అనడానికి తమ భాషలో రెండు మాటలున్నాయని, బాగా రాసిన పిల్లల పలకల మీద ఆ రెండింటి మొదటి అక్షరాలు వేసేవాణ్ణని చెబుతాడు. కోటిలింగం పలకలు అటూ ఇటూ తిప్పుతాడు.

"వీటి మీద ఏమీ లేదే."

"పిల్లలు తుడిచేశారు."

"తుడిచిన పలక సాక్ష్యం కాదు. కూర్చోండి."

బడిపంతులు కూర్చుంటాడు. ఒక్కో పలకను చెవి దగ్గర పెట్టుకుని, ఏమైనా వినిపిస్తుందేమోనని చూస్తుంటాడు. నాకు ఆ మనిషి మీద జాలేస్తుంది. కానీ గడియారం ఒంటిగంట దాటుతోంది. జాలిపడే తీరిక నాకు లేదు.

తర్వాత వచ్చినాయన దూరం నుంచి నడిచి వచ్చాడు. చెప్పులు అరిగి పాదాలు నేలను తాకుతున్నాయి. అమెరికా మూలవాసుల్లో చోక్టా తెగ మనిషినని చెప్పుకుంటాడు. తమ భాషలో అలాంటి మాటే ఒకటుందని, అవును, అంతే అని దానికి అర్థమని అంటాడు. సరుకు కొనడానికి వచ్చినవాళ్లు తమ నోటి నుంచి దాన్ని పట్టుకుపోయారని చెబుతాడు.

"పట్టుకుపోయినట్టు రసీదు ఉందా?" అంటాడు కోటిలింగం.

"మా నేల పట్టుకుపోయినప్పుడు కూడా రసీదు ఇవ్వలేదు."

"నేల సంగతి ఈ కోర్టు పరిధిలో లేదు."

"ఏ కోర్టు పరిధిలో ఉంది?"

కోటిలింగం తన డైలాగ్ షీటు తీసి వెతుకుతాడు. ఆ ప్రశ్నకు జవాబు అందులో రాసి లేదు. తర్వాతి వాళ్లను పిలవమంటాడు. చోక్టా మనిషి బోనులోంచి దిగకుండా, కొంచెం పక్కకు జరిగి నిలబడతాడు. నాకు ఆ మనిషి నచ్చుతాడు.

ఆఖర్న ఒక పెద్దామె వస్తుంది. బాగా నల్లని మనిషి, తల నెరిసిపోయింది. బట్టలు తడిసి ఉన్నాయి. నడిచిన చోటల్లా ఉప్పునీళ్ల మరక పడుతుంది. పేరడిగితే ఓడ ఎక్కించేటప్పుడు తీసేసుకున్నారని చెబుతుంది. ఈమె పెదాలూ మాటా కలిసే ఉన్నాయి. డబ్బింగు ఎవరు చెబుతున్నారని సౌండు ఇంజనీరు నాలుగు దిక్కులా వెతుకుతాడు. ఎవరూ లేరు.

"ఆఫ్రికాలో పడమటి తీరం మాది" అంటుంది. "మా వైపు అవుననడానికి కొంచెం అటూ ఇటూగా ఇలాగే అంటాం. ఒక్క ఊరు కాదు, ఒక్క భాషా కాదు. గొలుసులు వేసి ఓడ అడుగున పడుకోబెట్టినప్పుడు పక్క మనిషిది ఏ భాషో నాకు తెలిసేది కాదు. చీకట్లో ఈ మాట అనేదాన్ని. తిరిగి అంటే బతికున్నట్టు. నాకు గుర్తున్నది ఇంతే."

"కాగితం?"

"కెప్టెను దగ్గర పుస్తకం ఉండేది. అందులో మేం ఎంతమందిమో రాసుకున్నాడు. ఏం మాట్లాడుకున్నామో రాయలేదు."

"రాయకపోతే మాట్లాడినట్టు కాదు" అంటాడు కోటిలింగం. గట్టిగా అనడు. ఇరవై రెండేళ్లుగా ఎవరో రాసిచ్చిన మాటలు మాత్రమే మాట్లాడినవాడికి అది మామూలు విషయమే.

తీర్పు వెంటనే వస్తుంది. సాక్ష్యాధారాలను క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, సదరు మాట పత్రికవారిదని కోర్టు అభిప్రాయపడుతోంది. ఇకపై దాన్ని వాడదలచినవారు వారి దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అంతవరకు స్టే కొనసాగును. సుత్తి దెబ్బకు ప్లైవుడ్ గోడ ఊగుతుంది.

సువార్త పత్రికాయన దగ్గరికి వెళ్లి చేతులు జోడిస్తుంది. తను చేతులు జోడించడం నేను ప్రార్థనలో తప్ప చూడలేదు.

"అయ్యా, ఒక్క మాటేగా. ఇయ్యండి. మా ఆయన లేచినాక మళ్లీ మీకే ఇచ్చేస్తా."

"తప్పకుండా" అంటాడాయన. ఆయనలో చెడ్డతనమేమీ లేదు. "మా ఆఫీసుకు ఉత్తరం రాయండి."

"మీ ఆఫీసు యాడ?"

"మూతపడి చాలాకాలమైంది."

రెండవుతుంది. నలుగురు నన్ను పాడె మీద మోసుకెళ్లి కట్టెల మీద పడుకోబెడతారు. ఫ్లోరు మధ్యలో చితి పేర్చారు, చుట్టూ కెమెరా ట్రాక్ వేశారు. కిరసనాయిలు వాసన వస్తోంది. హీరోగారు కారవాన్ దిగి నిప్పుకుండ పట్టుకుంటారు. నన్ను చూసి ఈయన ఇంకా ఉన్నారేంటని అడుగుతారు. స్టే అని చెబితే అర్థమైనట్టు తలాడించి జుట్టు సర్దుకుంటారు. ఈయనకు నేను ఏడు సినిమాల్లో తండ్రిని.

సువార్త చీర చెంగు బిగించి కట్టెల మీదకు ఎక్కి నా పక్కన కూర్చుంటుంది.

"అమ్మా, మీరు ఫ్రేములోకి వస్తున్నారు" అంటాడు పట్టాభి.

"రానీయ్. పెళ్లాన్నేగా."

"సీనులో తల్లి ముందే చనిపోయిందండీ."

"అయితే ఇద్దర్నీ దింపండి."

పట్టాభి నిరంజన్ గారి వైపు చూస్తాడు. ఆయన వాచీ వైపు చూస్తారు. ఎవరూ దుర్మార్గులు కారు. అదే నాకు మింగుడుపడడం లేదు. ఒక్కడైనా దుర్మార్గుడైతే వాణ్ణి తిట్టుకుంటూ పోయేవాణ్ణి. అందరూ తమ పని తాము చేస్తున్నారు. బంట్రోతు కాగితం ఇచ్చాడు, కోటిలింగం తీర్పు చెప్పాడు, హీరోగారు కుండ పట్టుకున్నారు. నేను మాత్రం నా పని చేసినందుకు కాలిపోవాలి. పద్దెనిమిదేళ్లలో ఒక్క షాట్‌లో కూడా కన్నార్పని మనిషిని. ఇప్పుడు కన్నార్పాలని ఎంత పెనుగులాడినా రెప్ప కదలడం లేదు. రైలు పట్టాల పక్కన నలుగురితో పాటు పడి ఉండే కొత్తవాడినై ఉంటే ఈపాటికి తుమ్మి బతికేవాణ్ణి. పని బాగా నేర్చుకోవడమే నేను చేసిన తప్పు.

కెమెరా రోల్ అవుతోంది. హీరోగారు కుండతో మూడడుగులు వేస్తారు.

అప్పుడు ఆ పెద్దామె వస్తుంది. ఎవరినీ అడగదు. ట్రాక్ దాటి, హీరోగారి పక్కగా నడిచి, తడి చెయ్యి కట్టెల మీద ఆన్చి నా చెవి దగ్గరకు వంగుతుంది.

"ఓకే?" అంటుంది.

పూర్తి మాట. ఆమె నోట్లో దూది లేదు. స్టే ఆ మాటను పట్టుకుపోయినవాళ్ల మీదే గాని, పోగొట్టుకున్నవాళ్ల మీద లేదు కాబోలు. కానీ నన్ను కదిపింది అది కాదు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట నాకు హుకుంగానే వచ్చింది. లే అంటే లేచాను. ఇవాళ మొదటిసారి అది ప్రశ్నగా వచ్చింది. ఆమె నన్ను అడుగుతోంది. అడిగి, జవాబు కోసం ఆగింది. పక్కనే ఉన్న నిప్పుకుండను కూడా చూడడం లేదు.

అడిగినప్పుడు జవాబు చెప్పాలి. చెప్పాలంటే బతికుండాలి.

"ఓకే" అంటాను.

బొటనవేళ్ల దారం తెగుతుంది. నుదుటి మీది బిళ్ల దొర్లిపోతుంది. లేచి కూర్చుంటాను. సువార్త నన్ను కౌగిలించుకోదు. నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఇప్పటిదాకా ఏం జేస్తన్నావ్?" అంటుంది.

శవం వేషం వేసినవాడు లేవగానే కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తారు. చావు అక్కడితో పోవాలని మా వాళ్ల పట్టింపు. పట్టాభి అలవాటు కొద్దీ "నవ్వండి ఏసుపాదం గారూ" అంటాడు. నేను నవ్వను. ఇవాళ నవ్వేది లేదు.

కోటిలింగం సుత్తి కొడతాడు. "అనుమతి లేకుండా సదరు మాట వాడబడింది. ఇది కోర్టు ధిక్కారం. సదరు శవం తిరిగి యథాస్థానంలో పడుకోవాలి."

నేను కట్టెల మీద నిలబడతాను. ముక్కుల్లో దూది ఇంకా అలాగే ఉంది.

"పడుకోను" అంటాను. "పద్దెనిమిదేళ్లు మీరంతా పడుకోమంటే పడుకున్నా, లేవమంటే లేచా. ఒక్కరన్నా బాగున్నావా అని అడిగారా? ఈమె అడిగింది. ఆ మాట యాడ పుట్టిందో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు కూడా. కాగితం ఉన్నోడిదే మాటయితే మా పల్లెలో సగం మంది నోరే ఎత్తకూడదు. మా నాయన పుట్టినట్టు యాడా కాగితం లేదు. అంటే మా నాయన పుట్టలేదా కోటిలింగం? పొద్దున నాతో కూర్చుని ఇడ్లీ తిన్నావే, దానికి కాగితముందా?"

కోటిలింగం సుత్తి కింద పెడతాడు. ఇడ్లీ విషయం అతనికి తగిలింది. "ఆధారం ఉండాలి కదా ఏసుపాదం" అంటాడు చివరికి. జడ్జి గొంతు కాదు, క్యాంటీన్ గొంతు.

అప్పుడే కింద నుంచి వినిపిస్తుంది.

"ఓకే."

ముందు కట్టెల్లోంచి అనుకుంటాను. కాదు, నేల కింద నుంచి. నేను ఇచ్చిన జవాబును ఎవరో విన్నారు. వాళ్లు పక్కవాళ్లను అడిగారు, పక్కవాళ్లు జవాబు చెప్పి ఆ పక్కవాళ్లను అడుగుతున్నారు. ఆ మాట ఫ్లోరు కింద మానిటర్ వైపు, మేకప్ గది వైపు, గేటు దాటి ఇంకా అవతలికి వెళ్లిపోతోంది. సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసేస్తాడు.

నేను దిగి నేల మీది చెక్క ఒకటి పట్టి లాగుతాను. చోక్టా మనిషి వచ్చి రెండో చివర పట్టుకుంటాడు. చెక్క కింద సిమెంటు ఉండాలి, లేదు. పెద్దామె చెప్పిన ఓడ అడుగు ఉంది, అందులో మనుషులున్నారు. ఒకరి మోకాళ్ల వెనక ఒకరి మోకాళ్లు ఇరికించి, పక్కకు తిరిగి, లైటు పడినంత మేర పడుకుని ఉన్నారు. తడి జుట్టు చెక్కలకు అంటుకుంది. ఇంత ఇరుకులో శవాలను కూడా పడుకోబెట్టరు. నాకు తెలుసు.

ఒక కుర్రవాడు తల ఎత్తి "ఓకే?" అంటాడు. నేను జవాబిచ్చి చెయ్యిస్తాను. అతను పైకి వస్తాడు. అతని వెనక ఒక తల్లి, ఆమె వెనక ముసలాయన. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎన్నడూ అనని సువార్త, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరినీ చూసి "ఓకే?" అంటోంది. దూది రాదు. వాళ్లు తిరిగి అంటారు. తను పైకి లాగుతుంది. ఏది పత్రికలో పుట్టిందో, ఏది పలక మీద పుట్టిందో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

ఐదో మనిషి పదిహేనేళ్ల అమ్మాయి. సువార్త అడుగుతుంది. అమ్మాయి పలకదు. మళ్లీ అడుగుతుంది. పెద్దామె వచ్చి తమ వైపు ఎలా అంటారో అలా అడుగుతుంది. అమ్మాయి పలకదు. నేను వంగి చూస్తాను. పద్దెనిమిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఈ పిల్ల నటించడం లేదు.

నోరు కొంచెం తెరిచి ఉంది. నాలుక మీద ఆ మాట కూర్చుని ఉంది. చిన్నది, తడిగా ఉంది, ఊపిరి తీస్తోంది. ఎవరైనా అడిగేలోపే పిల్ల ఊపిరి ఆగిపోయింది కాబోలు, మాట బయటికి రాలేదు. నేను అరచెయ్యి చాస్తే పెదవి దాటి మెల్లగా నా చేతిలోకి నడిచి వస్తుంది. పొద్దున్నుంచి ఇంత గొడవ చేసింది ఇదేనా అనిపిస్తుంది. పిచ్చుకంత బరువు కూడా లేదు.

పత్రికాయన టోపీ తీసి ముందుకు వస్తాడు. తీర్పు ఆయన వైపే ఉంది. వేలు చాచి పిలుస్తాడు. అది ఆయన మొహంలోకి చాలాసేపు చూస్తుంది. గుర్తుపట్టదు. వెనక్కి తిరిగి అమ్మాయి నోట్లోకి వెళ్లిపోతుంది.

కోటిలింగం గౌను జేబులోంచి స్టే కాగితం తీసి నాలుగు ముక్కలు చేస్తాడు. ఎవరూ చెప్పకుండా అతను చేసిన మొదటి పని ఇది. నిరంజన్ గారు గొంతు సవరించుకుంటారు.

"ఓకే" అంటారు అమ్మాయితో. ఇప్పుడు ఆయన నోట్లో ఏ అడ్డూ లేదు.

అమ్మాయి లేవదు. హీరోగారు నిప్పుకుండ కింద పెట్టి ఆయనా అంటారు. పట్టాభి అంటాడు, లైట్‌మెన్ అంటారు. అరవై మంది యూనిట్ ఆ సందు చుట్టూ గుమిగూడి, వంగి, ఒకరి తర్వాత ఒకరు ఓకే అంటున్నారు.

"ఆ పిల్ల లేవదండీ" అంటాను.

"మీరు లేచారుగా" అంటారు నిరంజన్ గారు.

"నన్ను టైముకి అడిగారు."

ఆయనకు అర్థం కాదు. మా దగ్గర ఇంతవరకు లేవని శవం లేదు. అందుకని అందరూ ఓపిగ్గా నిలబడే ఉన్నారు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. సువార్త పక్క చెక్క లాగి తర్వాతి మనిషిని అడుగుతోంది. పెద్దామె అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూస్తుంది. మూసిన నోట్లో, ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు, ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. పలకమని ఎవరిని అడుగుతోందో మాకు వినపడడం లేదు.